బరిలో ప్రథమ చికిత్స

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటస్థలాల్లో, వ్యాయామశాలల్లో ప్రమాదం జరిగినప్పుడు వైద్యసహాయం అందేలోపు గడిచే కొద్ది నిమిషాల విలువను తెలియజేయడం, ఆ సమయంలో చేయవలసిన పనులను, చేయకూడని పనులను వివరించడం, శిక్షణ పొందిన మనిషి తోటివారికి ఎలా అండగా నిలువగలడో విద్యార్థులకు బోధించడం ఈ పాఠం ఉద్దేశం.

తాలీంల నగరం

హైదరాబాదు పాతబస్తీ అనగానే 1591లో నిర్మితమైన చార్మినారు, దాని చుట్టూ అల్లుకొన్న గాజుల దుకాణాలు గుర్తుకు వస్తాయి. ఆ బజారుల వెనుక ఉన్న గల్లీలలో మరొక సంప్రదాయం తరతరాలుగా నిలిచి ఉంది. అది వ్యాయామ సంప్రదాయం. ‘తాలీం’ అనే అరబ్బీ పదానికి విద్య, శిక్షణ అని అర్థం. దక్కను ప్రాంతంలో ఆ మాట కుస్తీ నేర్పే వ్యాయామశాలకు పేరుగా స్థిరపడింది. మల్లయుద్ధాన్ని కూడా ఇక్కడివారు ఒక విద్యగానే భావించారనడానికి ఆ పేరే నిదర్శనం. నిజాం సైన్యంలోని అరబ్బు సైనికుల నివాసాల వల్ల ‘బార్కస్’ అనే పేరు వచ్చిన ప్రాంతం నేటికీ పహిల్వాన్లకు ప్రసిద్ధి. మూసీనది ఒడ్డున ఉన్న సిటీ కళాశాల ఫుట్‌బాల్ క్రీడకు పుట్టినిల్లు వంటిది. భారత ఫుట్‌బాల్ జట్టును 1951, 1962 ఆసియా క్రీడలలో విజేతగా నిలిపిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వాడే. నేడు తాలీంల సరసన కరాటే, తైక్వాండో, బాక్సింగ్ శిక్షణ కేంద్రాలు వెలిశాయి. బాలురతో పాటు బాలికలు కూడా వాటిలో చేరుతున్నారు.

ఈ విద్యలన్నింటికీ ఒక సమాన లక్షణం ఉంది. దెబ్బ వీటిలో అనుకోని సంఘటన కాదు. అది సాధనలో భాగం. పడడం, లేవడం, నొప్పిని ఓర్చుకోవడం ఇక్కడ నేర్పే మొదటి పాఠాలు. గాయపడిన శిష్యుణ్ణి మొదట చూసేది ‘ఉస్తాద్’ అని పిలుచుకొనే గురువే. ఆయన తైలం రాస్తాడు, కీలు సరిచేస్తాడు, ధైర్యం చెబుతాడు, మళ్ళీ బరిలోకి పంపుతాడు. ఈ వాత్సల్యం ఎంతో విలువైనది. అయితే ఓర్పు నేర్పిన ఆ సంప్రదాయమే కొన్ని సందర్భాలలో ప్రాణాపాయానికి దారి తీస్తుంది. అన్ని దెబ్బలూ ఓర్చుకోదగినవి కావు. ఓర్చుకోదగిన దెబ్బ ఏదో, ఓర్చుకోరాని దెబ్బ ఏదో తెలిపే వివేకమే ప్రథమ చికిత్సా శిక్షణలోని సారాంశం.

ప్రథమ చికిత్స – పుట్టుక

ప్రమాదం జరిగిన చోటనే, అందుబాటులో ఉన్న సాధనాలతో, వైద్యుడు కాని వ్యక్తి కూడా చేయగల తక్షణ సహాయాన్ని ప్రథమ చికిత్స అంటారు. ప్రాణం నిలపడం, పరిస్థితి విషమించకుండా చూడడం, కోలుకోవడానికి తోడ్పడడం దాని మూడు ప్రయోజనాలు. రోగం నయం చేయడం దాని పని కాదు.

ఈ విద్య యుద్ధభూమిలో పుట్టింది. 1859లో ఇటలీలోని సాల్ఫెరీనో రణరంగంలో దిక్కులేక పడి ఉన్న క్షతగాత్రులను చూసి చలించిన హెన్రీ డ్యూనాంట్ ప్రయత్నం వల్ల 1863లో రెడ్‌క్రాస్ ఉద్యమం ఆరంభమైంది. జర్మనీ శస్త్రవైద్యుడు ఎస్మార్క్ మూడు మూలల గుడ్డతో శరీరంలోని ఏ భాగానికైనా కట్టు కట్టవచ్చునని చూపి, ఆ విద్యను సామాన్యులకు నేర్పాడు. ఇంగ్లండులోని వూలిచ్‌లో 1878లో పీటర్ షెపర్డ్ అనే సైనిక వైద్యుడు, కల్నల్ ఫ్రాన్సిస్ డంకన్ కలిసి పౌరులకు ప్రథమ చికిత్సా తరగతులు మొదలుపెట్టారు. షెపర్డ్ మరుసటి సంవత్సరమే దక్షిణాఫ్రికా యుద్ధరంగంలో మరణించినా, అతడు నేర్పిన పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. మనదేశంలో 1920లో చట్టబద్ధంగా ఏర్పడిన భారతీయ రెడ్‌క్రాస్ సంఘం, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ ఈ శిక్షణను అందిస్తూ వచ్చాయి.

సుశ్రుతుని మాట

గాయాల చికిత్స మన ప్రాచీనులకు కొత్త విషయం కాదు. సుశ్రుత సంహిత ఎముకలు విరగడాన్ని 12 రకాలుగాను, కీళ్ళు తప్పడాన్ని 6 రకాలుగాను వర్గీకరించింది. వెదురు బద్దలు, మద్ది, మర్రి మొదలైన చెట్ల పట్టలు ఆధారంగా ఉంచి కట్టు కట్టాలని చెప్పింది. కట్టు వదులైతే కీలు కుదురుగా నిలవదని, బిగుతైతే వాపు, నొప్పి కలిగి చర్మం చీము పడుతుందని, కాబట్టి మధ్యస్థంగా ఉండాలని హెచ్చరించింది. కట్టు కట్టిన తరువాత వేళ్ళు చల్లబడుతున్నాయా, నీలి రంగుకు మారుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా అని పరీక్షించమనే నేటి ప్రథమ చికిత్సా నియమం కూడా ఇదే జాగ్రత్తను చెబుతుంది.

తెలుగునాట పుత్తూరు కట్టుకు ఉన్న ప్రసిద్ధి అందరికీ తెలిసిందే. పాతబస్తీలోనూ పహిల్వాన్లు ఎముకల కట్లు కట్టే వాడుక ఉంది. ఈ నేర్పును చులకన చేయవలసిన పని లేదు. కాని విరిగినది ఎముక అవునో కాదో, దాని వెంట రక్తనాళం గాని నరం గాని దెబ్బతిన్నదో లేదో కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల దెబ్బ తగిలిన వెంటనే లాగడం, మర్దన చేయడం ప్రమాదకరం. ఉన్న స్థితిలోనే అవయవాన్ని కదలకుండా నిలిపి, ఎక్స్‌రే తీయించిన తరువాతనే తదుపరి చికిత్స ఆలోచించాలి.

సుశ్రుతుడు శరీరంలో 107 మర్మస్థానాలను పేర్కొని, వాటిలో 19 స్థానాలను ‘సద్యఃప్రాణహరాలు’ అన్నాడు. దెబ్బ తగిలితే తక్షణం ప్రాణం తీసేవని అర్థం. శిరస్సులోని స్థానాలు, కంఠసిరలు, హృదయం వాటిలో ఉన్నాయి. ఆధునిక క్రీడావైద్యం కారణాలను వేరుగా వివరించినా, ఆటస్థలంలో మిక్కిలి భయపడవలసిన చోట్లు నేటికీ తల, మెడ, గుండె అనే ఈ మూడే.

తలకు తగిలిన దెబ్బ

1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోటీలో భారతజట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. అంతకుముందు ఒక పోటీలో తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం రక్షకస్థానం నుండి తప్పించి ముందువరుసలో ఆడించాడు. జర్నైల్ తుదిపోటీలో ఒక గోలు కూడా చేశాడు. ఆ సాహసాన్ని దేశం ఇప్పటికీ కీర్తిస్తుంది. అది తగిన కీర్తియే. కాని ఆ కాలంలో తలదెబ్బ గురించి తెలిసినది తక్కువ. నేడు ఏ శిక్షకుడూ ఆ ఉదాహరణను అనుసరించరాదు.

తలకు దెబ్బ తగిలినప్పుడు కపాలం పగలకపోయినా, రక్తం కారకపోయినా, లోపల మెదడు కుదుపుకు గురి కావచ్చు. దీన్ని ‘కంకషన్’ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం పొరపాటు. అయోమయం, తలనొప్పి, తూలడం, వాంతి, కళ్ళు మసకబారడం, అడిగినదే మళ్ళీ అడగడం దాని లక్షణాలు. “ఇది ఏ మైదానం? ఇప్పుడు ఎవరితో పోటీ పడుతున్నావు? కిందటి పోటీలో ఎవరు గెలిచారు?” వంటి ప్రశ్నలకు తడబడితే కంకషన్ అయి ఉంటుందని అనుమానించాలి. సరిగా చెప్పినంత మాత్రాన ప్రమాదం లేదని నిశ్చయించరాదు. మెదడు కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే, అది చిన్నదైనప్పటికీ, మెదడు వాచి ప్రాణం పోయే అవకాశం ఉంది. ముఖ్యంగా కౌమార దశలో ఉన్నవారికి ఈ అపాయం ఎక్కువ.

కాబట్టి అనుమానం కలిగిన క్షణంలోనే ఆటగాణ్ణి బరి నుండి తప్పించాలి. ఆ రోజు మళ్ళీ ఆడించరాదు. ఆ రాత్రి ఒంటరిగా వదలరాదు. ఒక కంటిపాప పెద్దది కావడం, మగత పెరగడం, మాటిమాటికీ వాంతులు, మూర్ఛ, చెవి నుండి గాని ముక్కు నుండి గాని నీరువంటి ద్రవం కారడం కనిపిస్తే తక్షణం ఆసుపత్రికి తరలించాలి. క్రీడాసంస్థలు కూడా ఈ సత్యాన్ని గుర్తించాయి. అంతర్జాతీయ క్రికెట్ మండలి 2019 ఆగస్టు నుండి తలదెబ్బ తగిలిన ఆటగాడికి బదులు మరొకరిని అనుమతిస్తోంది. ఫుట్‌బాల్ నియమావళిలో కూడా 2024 నుండి అటువంటి వెసులుబాటు చేరింది.

మెడకు తగిలిన దెబ్బ

2014 అక్టోబరులో మిజోరంలో ఒక యువ ఫుట్‌బాల్ ఆటగాడు గోలు చేసిన ఆనందంలో పల్టీ కొట్టి, తలకిందులుగా పడి వెన్నుపాము దెబ్బతిని కొన్ని రోజులకే మరణించాడు. కుస్తీలో ప్రత్యర్థిని ఎత్తి పడవేసే పట్లు, జూడోలో విసిరే పద్ధతులు అనేకం. వాటిలో మెడ మీద పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

పడినవాడు మెడనొప్పి అని చెప్పినా, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కాయన్నా, కదలించలేకపోయినా వెన్నెముక గాయమని భావించాలి. అటువంటప్పుడు చుట్టూ ఉన్నవారు చేసే మొదటి పని అతణ్ణి చంకల కింద చేతులు వేసి లేపడం. ప్రేమతో చేసే ఆ పనే ఒక్కొక్కసారి జీవితాంతం మంచాన పడవేస్తుంది. విరిగిన వెన్నుపూస కదిలితే లోపలి వెన్నుపాము నలిగిపోతుంది. కనుక శిక్షకుడు అతని తలవైపు మోకాళ్ళమీద కూర్చొని, రెండు చేతులతో తలను అటూ ఇటూ కదలకుండా పట్టుకోవాలి. అంబులెన్సు సిబ్బంది వచ్చేవరకు అలాగే ఉండాలి. శ్వాస ఆగిపోతే మాత్రం మెడకన్న ప్రాణమే ముఖ్యం. తలను వీలైనంత తక్కువగా కదిలిస్తూ, కింద చెప్పబోయే హృదయ పునరుజ్జీవన ప్రక్రియ ప్రారంభించాలి.

బరిలో పడినవాణ్ణి చూసి “ఉఠో” అనడం తాలీంలో అలవాటు. దాని స్థానంలో “హిలో మత్” అనడం, అంటే ‘కదలకు’ అనడం అలవాటు కావాలి. ఒక్క మాట మారితే ఒక జీవితం నిలబడవచ్చు.

గుండెకు తగిలిన దెబ్బ

కరాటేలో తగిలిన పిడికిలి, క్రికెట్‌లో వేగంగా వచ్చిన బంతి, ఫుట్‌బాల్‌లో మోచేయి రొమ్ము ఎడమభాగాన్ని తాకినప్పుడు, ఆరోగ్యవంతుడైన బాలుడు కూడా ఒక్కొక్కసారి కుప్పకూలిపోతాడు. హృదయస్పందన చక్రంలోని అతి స్వల్పమైన ఒకానొక క్షణంలో దెబ్బ తగలడం వల్ల గుండె లయ తప్పి, కొట్టుకోవడానికి బదులు వణకడం మొదలుపెడుతుంది. పుట్టుకతో వచ్చి, బయటికి కనిపించని హృద్రోగాల వల్ల కూడా క్రీడాకారులు ఇలాగే పడిపోవచ్చు.

ఈ విషయం తెలుసుకోవడంలో హైదరాబాదుకూ పాత్ర ఉంది. 1888, 1889 సంవత్సరాలలో నిజాం ప్రభుత్వ సహాయంతో ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు ఇక్కడ క్లోరోఫారంపై రెండు పరిశోధక సంఘాలను నడిపాడు. మత్తు వికటించినప్పుడు గుండెకన్న ముందు శ్వాస ఆగుతుందని, కాబట్టి వైద్యుడు నాడిని కాక శ్వాసను గమనించాలని ఆ సంఘాలు తేల్చాయి. అది సంపూర్ణ సత్యం కాదని, క్లోరోఫారం గుండెను నేరుగా వణికించి చంపగలదని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. నేటి ప్రథమ చికిత్సలో ఈ రెండింటికీ చోటు ఉంది. సామాన్యుడు నాడి వెతుకుతూ కాలయాపన చేయకుండా, శ్వాసను చూసి ప్రమాదాన్ని గుర్తించాలి. గుండెను నొక్కి ప్రాణాన్ని నిలపాలి.

ఛాతీపై నొక్కి రక్తప్రసరణ సాగించవచ్చునని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ప్రకటించారు. వారిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. ఈ ప్రక్రియను సి.పి.ఆర్. అంటారు. పడినవాణ్ణి భుజం తట్టి బిగ్గరగా పిలవాలి. పలకకపోతే రొమ్ము పైకీ కిందికీ కదులుతున్నదేమో పది సెకన్లకు మించకుండా చూడాలి. ఆగి ఆగి వచ్చే ఎగశ్వాసను శ్వాసగా లెక్కించరాదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు అరచేతి మడమను రొమ్ము నడుమ ఉంచి, దానిపై రెండవ చేతిని వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుగా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ పొందినవారు 30 నొక్కుల తరువాత 2 సార్లు నోటితో శ్వాస అందించాలి. శిక్షణ లేనివారు ఆపకుండా నొక్కితే చాలు. అలసిపోతే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. ఎ.ఇ.డి. అనే చిన్న యంత్రం ఉంటే అది చెప్పినట్లు విద్యుదాఘాతం ఇవ్వాలి. ఏ సహాయమూ లేకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం సుమారు నూటికి 7 నుండి 10 పాళ్ళు తగ్గిపోతుంది.

2004 డిసెంబరు 5న బెంగుళూరులో ఫెడరేషన్ కప్ తుదిపోటీ ఆడుతూ డెంపో జట్టు ఆటగాడు క్రిస్టియానో జూనియర్ మైదానంలోనే కుప్పకూలి కన్నుమూశాడు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ అలాగే పడిపోయాడు. వెంటనే జట్టు నాయకుడు దగ్గరకు పరుగెత్తాడు. సహచరులు వలయంగా నిలిచి చాటు కల్పించారు. వైద్యబృందం గుండె నొక్కి, విద్యుదాఘాతం ఇచ్చింది. ఎరిక్సెన్ బతికాడు, మరుసటి సంవత్సరం మళ్ళీ ఆడాడు. పాతబస్తీకి సమీపంలోనే ఉన్న ఆరాంఘర్ కూడలిలో 2023 ఫిబ్రవరిలో కుప్పకూలిన ఒక వ్యక్తిని అక్కడి ట్రాఫిక్ కానిస్టేబుల్ సి.పి.ఆర్. చేసి కాపాడాడు. మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం ఈ శిక్షణను విస్తృతంగా ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. కానిస్టేబుల్ చేయగలిగిన పని ఉస్తాద్ చేయలేనిది కాదు.

ఎండదెబ్బ

హైదరాబాదులో మే నెలలో ఎండ తీవ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో సాధన చేసేవాడు తడబడి మాట్లాడినా, వింతగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా శరీరం లోపల వేడి ప్రమాదస్థాయికి చేరిందని గ్రహించాలి. చెమట పడుతున్నంత మాత్రాన ఎండదెబ్బ కాదనుకోరాదు. మొదట చల్లబరచడం, తరువాత తరలించడం ఇక్కడి సూత్రం. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్ళ తొట్టి ఉంటే తల పైకి ఉండేటట్లు పట్టుకొని అందులో కూర్చోబెట్టాలి. లేకపోతే ఒంటినిండా చల్లని నీరు పోస్తూ విసరాలి. మెడ, చంకలు, గజ్జలలో మంచు ఉంచాలి. స్పృహ లేనివాడి నోట్లో నీరు పోయరాదు.

పోటీకి ముందు బరువు తగ్గడానికి నీరు మాని, చెమట పట్టించుకొనే అలవాటు మల్లయోధులలో ఉంది. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు ఈ కారణంగానే మరణించగా, అక్కడ నియమాలు మార్చారు. రంజాన్ మాసంలో ఉపవాసం ఉండే క్రీడాకారులు కఠిన సాధనను ఇఫ్తారు తరువాతి వేళకు మార్చుకోవడం క్షేమకరం.

చిన్న గాయాలు – పెద్ద పొరపాట్లు

ప్రతిరోజూ ఎదురయ్యేవి చిన్న గాయాలే. వాటి విషయంలో నాటుకొన్న అపోహలు అనేకం. ముక్కు నుండి రక్తం కారితే తల వెనక్కి వాల్చడం సరికాదు. రక్తం గొంతులోకి దిగుతుంది. తల ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వల్ల మేలు లేదు, కీడే ఉంది. చుట్టూ ఉన్న వస్తువులు తొలగించి, తలకింద మెత్తని గుడ్డ ఉంచి, మూర్ఛ తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చినా ఆసుపత్రికి చేర్చాలి.

రక్తం కారే గాయంపై కాఫీపొడి, పసుపు చల్లరాదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మట్టి బరిలో తగిలిన గాయాన్ని నీటితో బాగా కడిగి, ధనుర్వాతం టీకా విషయం వైద్యుణ్ణి అడగాలి. ఊడిపోయిన శాశ్వత దంతాన్ని వేరు తాకకుండా పట్టుకొని పాలలో వేసి, గంటలోపు దంతవైద్యునికి చేర్చితే మళ్ళీ నిలబడే అవకాశం ఉంది. మడమ బెణికితే మొదటి రెండు రోజులు కాపడం, మర్దన పనికిరావు. కట్టు కట్టి, కాలు ఎత్తులో ఉంచి, నొప్పికి ఉపశమనంగా కొద్దిసేపు గుడ్డలో చుట్టిన మంచు పెట్టవచ్చు. విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారం చేసిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, అతిగా మంచు పెట్టడం, పూర్తిగా కదలకుండా ఉండడం మానడాన్ని ఆలస్యం చేస్తాయని తరువాతి కాలంలో తానే అభిప్రాయం మార్చుకొన్నాడు. శాస్త్రం మారుతుంది, కాబట్టి శిక్షణ కూడా ఒకసారి పొంది మరచిపోయేది కాదు.

శిక్షణ స్వరూపం

ఇల్లు అంటుకొన్న తరువాత బావి తవ్వితే ప్రయోజనం లేదు. ప్రతి తాలీంలో, ప్రతి శిక్షణ కేంద్రంలో సాధన జరిగే ప్రతి పూటా ప్రథమ చికిత్స తెలిసినవారు కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్క ఉస్తాద్‌కే తెలిస్తే చాలదు. దెబ్బ ఉస్తాద్‌కే తగలవచ్చు. బాలికలు ఉన్న చోట శిక్షణ పొందిన స్త్రీలు ఉండడం మంచిది. ప్రమాద సమయంలో స్త్రీని తాకడానికి సంకోచించడం వల్ల సి.పి.ఆర్. ఆలస్యం కావడం అనేక దేశాలలో గమనించిన విషయమే. ఆ క్షణంలో చుట్టుపక్కల స్త్రీ లేకపోతే పురుషుడు వెనుకాడరాదు.

పుస్తకం చదివితే ఈ విద్య రాదు. ఈత నీటిలో నేర్చుకొన్నట్లు, గుండె నొక్కే ఒత్తిడి, వేగం బొమ్మపై సాధన చేసి నేర్వాలి. కుస్తీ పట్టును వందలసార్లు చేయించి శరీరానికి అలవాటు చేసే ఉస్తాద్‌కు ఈ సత్యం వేరుగా చెప్పనవసరం లేదు. కొన్ని నెలలకొకసారి మళ్ళీ సాధన చేయకపోతే చేయి మరచిపోతుంది. అక్కడివారు మాట్లాడే ఉర్దూలోనో, తెలుగులోనో బోధించడం అవసరం. ఆపద సమయంలో మనిషికి గుర్తుకు వచ్చేది తన భాషే.

పెట్టెలో ఉండవలసినవి ఖరీదైనవి కావు. చేతితొడుగులు, దూది, గాజుగుడ్డ, చుట్టకట్లు, కత్తెర, జీవజల పొట్లాలు, త్రికోణపు గుడ్డ చాలు. ఆ గుడ్డ లేనప్పుడు దుపట్టా గాని, కండువా గాని విరిగిన చేతికి ఊయల కాగలదు. గోడమీద ఒక పలక ఉండాలి. దానిపై 108, సమీప ఆసుపత్రి ఫోన్ సంఖ్యలు, ఆ స్థలం చిరునామా, దగ్గరి గుర్తు పెద్ద అక్షరాలలో రాసి ఉండాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే ఆరంభమైన 108 సేవ ఎంత వేగంగా వచ్చినా, పాతబస్తీ ఇరుకు గల్లీలో తాలీం తలుపు దానికి తెలియదు. కనుక ఫోన్ చేసిన వెంటనే ఒకరు గల్లీ మొగదలకు పరుగెత్తి అంబులెన్సుకు దారి చూపాలి; మరొకరు దారికి అడ్డంగా ఉన్న బండ్లు తీయించాలి. ఎవరు ఏ పని చేయాలో ముందుగానే నిర్ణయించి, నెలకొకసారి అభ్యాసం చేయాలి.

ఉపసంహారం

మల్లవిద్యలో ఓడినవాణ్ణి నేలమీద వదలి వెళ్ళడం మర్యాద కాదు. గెలిచినవాడే చేయి అందించి లేపుతాడు. ప్రథమ చికిత్స ఆ మర్యాదకు పొడిగింపు మాత్రమే. ఎప్పుడు లేపాలో, ఎప్పుడు కదలనివ్వరాదో తెలియడమే అందులో చేరిన కొత్త పాఠం. బరిలో నిలిపివేసే హక్కు ఉస్తాద్‌ది. “ఇవాళ్టికి చాలు” అని ఆయన చెప్పిన మాట శిష్యుని పౌరుషాన్ని తగ్గించదు. అతని రేపటిని కాపాడుతుంది. వైద్యుడు ఎంత గొప్పవాడైనా కొన్ని నిమిషాల దూరంలో ఉంటాడు. ఆ నిమిషాలను నిలబెట్టవలసినవారు పక్కనే ఉన్న మనుషులు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఓర్పు నేర్పే సంప్రదాయం కొన్ని సందర్భాలలో ప్రాణాపాయానికి దారి తీస్తుందని పాఠం ఎలా నిరూపించింది?
2. వ్యాయామశాలలలో ప్రథమ చికిత్సా శిక్షణ ఎలా ఉండాలో వివరించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కట్టు విషయంలో సుశ్రుతుడు చేసిన హెచ్చరిక ఏమిటి?
2. మెడకు దెబ్బ తగిలినవాణ్ణి వెంటనే ఎందుకు లేపరాదు?
3. క్లోరోఫారం పరిశోధనలకూ నేటి ప్రథమ చికిత్సకూ గల సంబంధం ఏమిటి?

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘తాలీం’ అనే పదానికి అర్థం ఏమిటి?
2. ‘సద్యఃప్రాణహరం’ అంటే ఏమిటి?
3. ఎండదెబ్బ చికిత్సలో పాటించవలసిన సూత్రం ఏది?